మాటల్లేని భర్త వేషం

ముందుగా ప్రమాణం. ఇందులో ప్రతి మాటా నిజం. సాక్ష్యానికి మా కృష్ణానగర్ సందు మొగలో ఉన్న వినాయకుణ్ణి పిలుస్తున్నాను. ఆయనకి నా మీద పాత కోపాలున్నాయి, అయినా సరే. మా ఆవిడ మీద ఒట్టేద్దామనుకున్నాను గానీ, "నీ కథలకి నన్ను తాకట్టు పెట్టకు" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. టీకొట్టు దగ్గర నన్నెరిగినవాళ్ళు, నేను వాన పడుతోందని చెబితే చెయ్యి బయటికి చాచి చూసుకుంటారు. వాళ్ళకీ చెబుతున్నాను, ఈ ఒక్కసారికీ చెయ్యి చాచకండి.

మొన్న శుక్రవారం మా బిల్డింగులోకి కొత్తగా వచ్చిన అమ్మాయి మా ఆవిడని పేరంటానికి పిలవడానికి వచ్చింది. కుంకుమభరిణె తెరిచింది గానీ, వెంటనే బొట్టు పెట్టలేదు. ఎడమచేతి వేళ్ళు రెండు మా ఆవిడ గడ్డం కింద ఆనించి, ముఖాన్ని మెల్లగా కిటికీ వైపు తిప్పింది. ఈ చెంప చూసింది, ఆ చెంప చూసింది. అప్పుడు పెట్టింది. నేను పేపరు పక్కన పడేసి గుమ్మం బయటికి తొంగిచూశాను. ఆ పిల్ల చెప్పులు ముందుభాగం మెట్ల వైపు తిరిగి, ఇక బయల్దేరదామా అన్నట్టున్నాయి.

"ఎవరు నేర్పారమ్మా నీకిది?"

"ఏదంకుల్?"

"ముఖం వెలుతురుకి తిప్పడం. చెప్పులు తిప్పి పెట్టడం."

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "అమ్మ మీకు కూడా తెలుసా?" అంది. భరిణె మూత పెట్టి, "పోయిన నెల పోయారంకుల్. నిద్దట్లోనే" అంది.

అమ్మ అంటే ఆ పిల్లని కన్న తల్లి కాదు. ఆవిణ్ణి అమ్మా అని పిలిచే ఆడపిల్లలు ఈ ఊళ్ళో ఎంతమందో నాకు తెలీదు. పేరు రాయను. రాయొద్దని ఆవిడే అంది. నాకు మాత్రం ఆవిడ, వృత్తిరీత్యా, భార్య. కంగారు పడకండి, మా ఆవిడకి తెలుసు.

నేను సినిమాలకి మాటలు రాస్తాను. రాసేది నేను, తెరమీద పడేది ఇంకొకరి పేరు. ఓ మధ్యాహ్నం జూనియర్ ఆర్టిస్టులని పంపే ఏజెంటు దగ్గర కూర్చుని, పెద్ద హీరో ఒకాయన నా డైలాగు విని కుర్చీలోంచి పడిపోయిన వైనం చెబుతున్నాను. కుర్చీ కాలు అప్పటికే విరిగి ఉందన్న సంగతి ఇంకా చెప్పలేదు. ఇంతలో ఆవిడ మెట్లెక్కి వచ్చింది. యాభై దాటిన మనిషి. గట్టి నేత చీర, నుదుటి నిండా బొట్టు, మెడలో పసుపుతాడు.

"నాకొక మొగడు కావాలె" అంది.

ఏజెంటు కనురెప్ప కూడా వెయ్యలేదు. "మాటలున్నాయా అమ్మా?"

"మాటలేం లేవు. కార్ల కూసుంటె సాలు. మీసముండాలె. సూస్తే మర్యాదస్తుని లెక్క కొట్టాలె."

ఏజెంటు గదంతా చూశాడు. ఆ పూట మీసమున్నది నాకొక్కడికే.

"మాటలు రాసేవాడికి మాటల్లేని వేషమా?" అన్నాను అభిమానపడి.

"గందుకే సారూ" అందావిడ. "మీకు జర ఆరాం దొరుకుతది."

ఆవిడ పని గురించి చెప్పాలి. వెంగళరావు నగర్‌లో బోర్డు లేని రెండు గదులు, అదే ఆఫీసు. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళకి ఆసరా. అలాంటి ఆఫీసులు ఇంకా ఉన్నాయి. ఆవిడ మాత్రం మిగతావాళ్ళ చెయ్యి అందని ఇళ్ళకి వెళ్ళేది. జూబ్లీహిల్స్‌లో ఒక్కో గుడి చుట్టూ అల్లుకున్న కుటుంబాలుంటాయి. పారాయణం కలిసి చేస్తారు, యాత్రలకి కలిసి వెళ్తారు, సంబంధాలు అక్కడే కలుపుకుంటారు, తగవులు అక్కడే తీర్చుకుంటారు. కోడలు ఏడుస్తోందంటే కమిటీ పెద్ద పిలిపించి, "ఓర్పు కూడా పూజేనమ్మా" అని చేతిలో ప్రసాదం పెట్టి వెనక్కి పంపిస్తాడు. ఇంటి మాట గడప దాటకూడదంటారు. ఫోన్ చేస్తే అత్తగారు ఎత్తుతుంది. పోలీసు వస్తే గేటు దగ్గరే మంచినీళ్ళిచ్చి పంపేస్తారు.

కానీ బొట్టు పెట్టి పిలవడానికి వచ్చిన ముత్తైదువని ఏ గేటు ఆపుతుంది? ఫోన్లో పిలిస్తే అది పిలుపు కాదు. అత్తగారికి చెప్పి వెళ్తే చాలదు. ఎవరిని పిలుస్తున్నామో ఆ మనిషి నుదుటన మన చేత్తో పెట్టాలి. "గడప దాటొద్దంటిరి గద" అనేదావిడ. "మంచిది. నేనే గడప లోపటికొస్త."

పాదాలకి పసుపు, మెడకి గంధం, నుదుటికి కుంకుమ. "దెబ్బలు దాసిపెట్టే జాగలు గవే సారూ. మన పెద్దమ్మలు సోంచాయించే పెట్టిండ్రేమో ఈ మర్యాదలు" అని ఓసారి కార్లో అంది. నాకు ఆ పూట జోకు వెయ్యాలనిపించలేదు. నా విషయంలో అది పెద్ద సంగతి.

ఆవిడ వేషమంతా నాతోనే గానీ, దేవుడితో కాదు. పారాయణం పుస్తకం అక్కర్లేకుండా నోటికొచ్చు. ప్రసాదం విషయంలో మాత్రం కర్కోటకురాలు. "పులిహోరల ఇంగువ లేదు. ఈ కమిటీ మీద నాకు నమ్మకం తప్పింది" అనేది. కారెక్కిన మరుక్షణం నిద్రపోయేది, మాట మధ్యలో కూడా. గేటు ముందుకి రాగానే ఎవరో తట్టి లేపినట్టు లేచి, కొంగు సర్దుకుని, చక్కటి గోదావరి జిల్లా గొంతుతో "వచ్చామండీ" అనేది. గేటు బయట 'గిట్ల', గేటు లోపల 'ఇలాగండీ'. నాకు తెలిసిన నటీమణుల్లో ఇద్దరు ఆవిడ దగ్గర శిష్యరికం చెయ్యాలి. పేర్లు అడగకండి, నాకింకా ఈ ఊళ్ళో బతుకుంది.

ఇంట్లో కోడలికి పెట్టాక వంటావిడకి పెట్టేది, పనిపిల్లకి పెట్టేది, మూలన కూర్చున్న భర్త పోయిన ముసలమ్మకీ పెట్టేది. ఎవరైనా నొసలు చిట్లిస్తే నవ్వి, "బొట్టుకి ముఖముంటే చాలు కదండీ" అనేది. సగం కబుర్లు ఆ వంటావిడే తర్వాత ఫోన్లో చెప్పేది.

"మరి కార్లో నేనెందుకు?" అనడిగాను మొదట్లో.

"ఒంటి ఆడిదాన్ని రానిస్తరు గని నమ్మరు. బయట కార్ల మొగడున్నడంటె నమ్ముతరు. మీరు జేసే పనల్ల గాడ ఉండుడే."

"మీ అసలు ఆయనెక్కడున్నారు?"

"నేను ఇడిసిపెట్టొచ్చిన కాడ్నే ఉన్నడనుకుంట."

"మరి మెడలో ఆ తాడు?"

"నేనే కొనుక్కున్న. గేటు పాసు" అంది. అని నిద్రపోయింది.

ఇక కొన్నేళ్ళ కిందటి ఆ శ్రావణ శుక్రవారం సంగతి.

ఇల్లు ఒక గుడి కమిటీ పెద్దాయనది. ఆ గుడిలో ఆయన మాటే చివరి మాట. ఆయన కోడలు కొన్ని వారాలుగా పారాయణానికి రావడం లేదు. ఏమైందంటే, అత్తగారు కళ్ళు మూసుకుని, "మౌనవ్రతం పట్టిందండీ" అన్నది. అందరూ ఎంత భక్తో అని చెంపలేసుకున్నారు. ఆవిడ మాత్రం కార్లో ఆ పూట నిద్రపోలేదు.

"సిన్నపిల్ల తల్లి మౌనవ్రతమెట్ల పడతది సారూ? పిల్లనెట్ల పిలుస్తది?"

నేను నలభై సినిమాలకి మాటలు రాశాను. ఆ ముక్క నాకు తట్టలేదు.

కొడుకు చెయ్యి చేసుకుంటున్నాడని ఆ ఇంటి వంటావిడ గుడి దగ్గర చెప్పింది. శుక్రవారం పగలు అతను ఇంట్లో ఉండడని కూడా. పోయిన వారం మరీ ఎక్కువైందట. "గుంజుకొచ్చుడు నా పని కాదు" అందావిడ. "ఎవ్వరినైన అడుగుత. వస్త అనాలె. ఆమె నోటితోని అనాలె. గని గా నోరే మూసిపెట్టిండ్రు." ఆ పిల్ల నోటి నుంచి ఒక్క మాట బయటికి తేవాలి. ఆ రోజు పని అదీ.

గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డమొచ్చాడు. "ఎవలు మీరు? ఇయ్యాల ఎవలనీ పంపొద్దన్నరు."

"కుంకుమపూజకి బొట్టు పిలుపండీ" అని భరిణె చూపించిందావిడ.

అతను ఒక్కడుగు వెనక్కేశాడు. "గట్లయితే పోండ్రమ్మా. సారూ, బండి గాడ నీడకు పెట్టుండ్రి."

నేను నీడలో పెట్టుకుని నా పాత్రలో లీనమయ్యాను. పట్టుపంచె, కండువా, దువ్విన మీసం. పది నిమిషాల్లో వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. "పెద్దసారు మిమ్మల్ని గూడ లోపటికి రమ్మంటుండు. కాఫీకి."

మాటల్లేని వేషగాణ్ణి హాల్లో సోఫాలో కూర్చోబెట్టారు. ఎదురుగా పెద్దాయన, విభూతి, చిరునవ్వు. ఆవిడ కింద చాప మీద అత్తగారితో కూర్చుని ఉంది. నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి అర్థం 'నోరు మూసుకో' అని.

"తమరేం చేస్తుంటారండీ?" అన్నారు పెద్దాయన.

"గ్రానైటండీ."

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. "మొన్న మా క్వారీలో బండ కొడుతుంటే రాతిలో వినాయకుడి రూపం కనపడిందండీ. తొండం ఎడమ వైపు. కూలీలంతా సుత్తులు పడేసి దణ్ణాలు పెట్టారు. లారీ కదల్లేదు. కొబ్బరికాయ కొట్టాక కదిలింది."

పెద్దాయన రెండు చేతులూ జోడించారు. "ఎక్కడండీ క్వారీ? మా బావమరిదిది కూడా గ్రానైటే. ఉండండి, ఇప్పుడే ఫోన్ కలుపుతాను, మీరు మాట్లాడండి."

ఫోన్ ఆయన చెవి దాకా వెళ్ళింది. చాప మీంచి ఆవిడ తల తిప్పకుండానే, "మావారికి బీపీ మాత్రలు మార్చారండీ. రెండ్రోజులుగా ఇలాగే మాట్లాడుతున్నారు" అంది.

పెద్దాయన ఫోన్ కింద పెట్టేశారు. నా వైపు జాలిగా చూసి, కాఫీలో చక్కెర వద్దని లోపలికి కేకేశారు.

అప్పుడు తీసుకొచ్చారు కోడల్ని. శ్రావణమాసం ఉక్కలో నిండు చేతుల జాకెట్టు, భుజాల చుట్టూ కప్పుకున్న కొంగు. చీర కుచ్చిళ్ళు పట్టుకుని మూడేళ్ళ పాప. ఆవిడ ఆ పిల్లని పీట మీద కూర్చోబెట్టి పాదాలకి పసుపు రాసింది, నెమ్మదిగా, చీలమండ చుట్టూ. "ముఖం ఇలా వెలుతురుకి పెట్టమ్మా" అని గడ్డం పట్టుకుని తిప్పింది. తర్వాత గంధం. "ఇంత కప్పుకుంటే గంధమెలా పెట్టనమ్మా" అంటూ కొంగు తొలగించింది. నేను ఆ మెడ చూశాను. వేళ్ళ గుర్తులు. చూపు కాఫీ కప్పులోకి దించుకున్నాను. ఆవిడ ఆ గుర్తుల మీదుగానే చల్లగా గంధం రాసింది.

"మాట్లాడదండీ" అంది అత్తగారు తొందరగా. "మౌనం."

"వ్రతం వ్రతమేనండీ, నేను కాదంటానా? ఈ వాయనం ఒక్కటీ ఇచ్చి వెళ్ళిపోతాను. కాకపోతే, పుచ్చుకునేవాళ్ళు నోరు తెరిచి 'పుచ్చుకుంటినమ్మ' అనాలి కదా. అనకపోతే ఇచ్చినదానికీ దోషం, పుచ్చుకున్నదానికీ దోషం. ఇంటికి మంచిది కాదంటారు."

అత్తగారు మొగుడి వైపు చూసింది. ఆయన శాస్త్రం చెప్పే మనిషి. వారం వారం మైకు పట్టుకుని చెబుతాడు. ఇంట్లో కాదనగలడా? "ఆ ఒక్క మాటా అనొచ్చులే" అన్నాడు.

వాయనం ఎలా ఇస్తారో తెలుసు కదా, పైన కొంగు కప్పి ఇస్తారు. శనగలు, తమలపాకులు, పండు ఉన్న పళ్ళెం మీద ఆవిడ తన నేత చీర కొంగు కప్పింది. కొంగు కింద నాలుగు చేతులు.

"ఇస్తినమ్మ వాయనం."

ఆ పిల్ల పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. పాప తల పైకెత్తి అమ్మ ముఖం వైపు చూసింది.

"ఇస్తినమ్మ వాయనం" అంది ఆవిడ మళ్ళీ, తొందరేం లేదన్నట్టు.

"పుచ్చుకుంటినమ్మ వాయనం." బొంగురు గొంతు. చాలా రోజులు వాడని తలుపు తెరిచినట్టు. పాప ఒక్కసారిగా "అమ్మ మాట్లాడింది!" అని చప్పట్లు కొట్టింది. పెద్దాయన చిరునవ్వు కాస్త పక్కకి జారింది.

మూడుసార్లూ అయ్యింది. వాయనం అయిపోయాక కొంగు తీసెయ్యాలి. తియ్యలేదు. ఎందుకంటే కింద ఆ పిల్ల ఆవిడ చెయ్యి వదల్లేదు. నేను సోఫాలోంచి చూస్తున్నాను, ఆ కొంగు పిల్ల వైపుకి బిగిసిపోయింది. ఆవిడ ముఖం దగ్గరికి పెట్టి, గోదావరి జిల్లాని అక్కడే చాప మీద వదిలేసి, తన సొంత గొంతుతో అడిగింది.

"నాతోని వస్తవా బిడ్డా?"

హాలంతా వినపడేట్టు అడిగింది. రహస్యం కాదు.

ఆ పిల్ల అత్తగారి వైపు చూడలేదు, మామగారి వైపు చూడలేదు. పాప నెత్తి మీద చెయ్యి వేసింది.

"వస్తాను" అంది.

ఆవిడ లేచి నిలబడింది. "సరే, పిల్లనెత్తుకో."

అత్తగారు కెవ్వుమంది. పెద్దాయన లేచారు. అరవడం అలవాటు లేని మనిషి, అరవాల్సిన అవసరం రాని మనిషి. ఆవిడతో ఒక్క మాట కూడా అనలేదు. తిన్నగా నా వైపు తిరిగారు.

"ఏమిటండీ ఇది? మీ ఆవిడకి చెప్పండి!"

మీరు నమ్మండి, నాకు వంద డైలాగులు తోచాయి. చప్పట్లు పడేవి, విజిల్స్ పడేవి. కానీ ఆయన ముఖంలోకి చూస్తే ఒకటి అర్థమైంది. ఈయన లోకంలో ప్రతి ఆడదాని వెనకా, చెబితే ఆపగల మగవాడొకడుంటాడు. ఆ మగవాణ్ణి పట్టుకుంటే చాలు. నేను కండువా సర్దుకుని లేచాను.

"మా ఆవిడ నా మాట వినదండీ" అన్నాను. "ఎప్పుడూ వినలేదు."

ఆయన చెయ్యి మళ్ళీ ఫోన్ మీదికి వెళ్ళింది.

"గేటు బయట లేడీ కానిస్టేబుళ్ళున్నరు" అందావిడ మామూలుగా, పాలవాడొచ్చాడని చెప్పినట్టు. "శుక్రవారం పూట పోలీసోళ్ళతోని గడప తొక్కిపియ్యాలె అంటె పిలుస్త."

పెద్దాయన కూర్చున్నారు. గుమ్మం దగ్గర ఆ పిల్లకి చెప్పులు లేవు. ఎన్నాళ్ళుగా బయటికి వెళ్ళలేదో మరి. గేటు వైపు తిరిగి ఉన్న తన చెప్పులే ఆ పిల్ల కాళ్ళకి తొడిగింది ఆవిడ. తను వట్టికాళ్ళతో, ఎండకి కాలిన ఆ నాపరాళ్ళ మీద, తాపీగా నడుచుకుంటూ కారు దాకా వచ్చింది. వాచ్‌మన్ అడక్కుండానే గేటు బార్లా తీశాడు.

మలుపు తిరిగాక అడిగాను. "కానిస్టేబుళ్ళేరీ?"

"పిలిస్తె వస్తరు. మనం పిలువలే గద."

"అంటే అబద్ధమా!"

"జర చిన్నది" అంది. తర్వాత నా వైపు తిరిగి, భార్యలు మాత్రమే చూడగల చూపు చూసింది. "మీ రాయిల వినాయకుని లెక్క కాదు. అబద్ధానికి నగలు పెట్టకుండ్రి సారూ. మెరిస్తె మంది తిరిగి సూస్తరు, ఏ షాపుల కొన్నవని అడుగుతరు. నేత చీర కట్టి పంపుండ్రి. ఎవ్వలూ తిరిగి సూడరు."

వెనక సీట్లో పాప, వాళ్ళమ్మని ఆపకుండా ఏవేవో ప్రశ్నలడుగుతోంది, అన్ని వారాల బాకీ. వాళ్ళమ్మ ప్రతిదానికీ జవాబు చెబుతోంది. ఆవిడ అది వింటూ నిద్రపోయింది.

కొన్నాళ్ళకి పెద్దాయన మనిషి టీకొట్టు దగ్గరికి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. మీసం పట్టించేసింది. వాళ్ళు డబ్బు పెడుతున్న సినిమా ఒకటుందట. మాటలు రాసింది నేనని తెరమీద పెద్ద అక్షరాలతో వేస్తారట. ఆ అమ్మాయి ఎక్కడుందో చెబితే చాలు. ముప్పై ఏళ్ళుగా నేను తెరమీద వెతుక్కుంటున్న పేరది. నాలుక మీదికి ఒక బ్రహ్మాండమైన కథ వచ్చింది. అందులో విమానం ఉంది, మారువేషం ఉంది, ఒక పీఠాధిపతి కూడా ఉన్నాడు. మింగేశాను.

"నాకు తెలీదండీ" అన్నాను.

నా జన్మలో అంత చిన్న అబద్ధం ఆడలేదు. అతను టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ పేరు ఇంకా తెరమీద పడలేదు. ఫర్వాలేదు.

మీకు చెప్పడానికేం. ఆ అమ్మాయి ఇప్పుడు కాకినాడలో ఉంది. బళ్ళో చిన్నపిల్లలకి పాఠాలు చెబుతుంది. పాప పెద్దదైంది, బాగా వాగుతుందట.

మొన్న బొట్టు పెట్టడానికి వచ్చిన పిల్ల నా కథంతా విని, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది. "అమ్మ మీ గురించి ఒకటి చెప్పేది అంకుల్."

"ఏమని?"

"మా ఆయన మంచోడే, నోరొక్కటే ఎక్కువ అని."

మా ఆవిడ వంటింట్లోంచి, "నిజమే చెప్పింది" అంది. నేనూ ఒప్పుకున్నాను. ఇద్దరు భార్యలు ఒకే మాట అన్నాక ఏం వాదిస్తాం? ఆ పిల్ల ఇంకా మూడిళ్ళు పిలవాలట, రెండు మా సందులోవే, మూడోది జూబ్లీహిల్స్‌లో. ఆ మూడో ఇంటి గురించి అడిగితే నవ్వి ఊరుకుంది. కొంగు బొడ్లో దోపుకుని, వీధి వైపు తిరిగి ఉన్న చెప్పుల్లో కాళ్ళు పెట్టి చకచకా దిగిపోయింది. దాని నడక చూస్తే నాకు ఆ మూడో ఇంటివాళ్ళ మీద జాలేసింది.

ఇక ప్రమాణం సంగతి. వినాయకుడి ముందు ఒట్టేశాను గనక లెక్క చెప్పాలి. ఇందులో నేను కల్పించింది ఒక్కటుంది. మొగడు కావాలె అన్న మాట అనుకుంటున్నారు. కాదు, అక్షరాలా అదే అంది. గ్రానైట్లో వినాయకుడా? సిగ్గుతో చెబుతున్నాను, అదీ అన్నాను. వట్టికాళ్ళతో నడవడం, పాప చప్పట్లు, మెడ మీద గంధం, అన్నీ జరిగాయి.

జరగంది కాకినాడ. ఆ అమ్మాయి ఏనాడూ కాకినాడ మొహం చూడలేదు, బళ్ళో పాఠాలూ చెప్పదు. పెద్దాయన మనుషులెవరైనా ఇక్కడి దాకా చదివి ఈపాటికే టిక్కెట్టు కొనుక్కుని ఉంటే, వెళ్ళండి, కాజాలు బాగుంటాయి. వెతకాల్సిన ఊళ్ళలో మీకొకటి తగ్గింది. నేను చెయ్యగల సాయం అంతే.

అంత పెద్ద కథలో ఆ ఒక్క ఊరినీ నేను నగా నట్రా లేకుండా, నేత చీర కట్టి పంపాను. మీరెవరూ తిరిగి చూడలేదు.